సర్వర్ క్లస్టరు

సర్వర్ క్లస్టరు అనగా ఒకే సేవను అందించడానికి నెట్‌వర్కు ద్వారా అనుసంధానించబడి, వాడుకరులకు ఒకే కంప్యూటరు వలె కనిపించే సర్వర్ల సమూహం. ఈ సమూహంలోని ఒక్కొక్క సర్వరును నోడు అని అంటారు. ఒక నోడు పనిచేయడం ఆగిపోయినపుడు, అది చేస్తున్న పనిని మరొక నోడు స్వీకరించి సేవ కొనసాగేటట్లు చూడడం క్లస్టరు ముఖ్యోద్దేశం. బ్యాంకులు, టెలిఫోను సంస్థలు, ఆసుపత్రులు, స్టాక్ ఎక్స్ఛేంజీలు మొదలైన చోట్ల, క్షణకాలం కూడా ఆగకూడని సేవలకు క్లస్టర్లను వాడతారు.

శాస్త్రీయ గణనలను వేగంగా చేయడానికి వందలాది కంప్యూటర్లను కలిపి ఏర్పరచే సమూహాలను కూడా క్లస్టర్లనే అంటారు. అయితే వాటి లక్ష్యం వేగం. ఈ వ్యాసం సేవ ఆగకుండా చూడడం లక్ష్యంగా గల అధిక లభ్యత క్లస్టర్లకు సంబంధించినది.

ఆగిపోయిన సర్వరు స్థానంలో మరొకదానిని నిలపడం పైకి సులభంగా కనిపిస్తుంది. అసలు చిక్కు వేరే ఉన్నది. ఒక నోడు నిజంగా ఆగిపోయిందా, లేక దానితో సంబంధం మాత్రమే తెగిపోయిందా అన్నది మిగిలిన నోడ్లకు ఖచ్చితంగా తెలియదు. ఆగిపోయిందనుకున్న నోడు ఇంకా పనిచేస్తూనే ఉండి, అందరూ పంచుకునే డిస్కుపై రాస్తూ ఉంటే సమాచారం చెడిపోతుంది. క్లస్టరు సాఫ్టువేరులోని సంక్లిష్టతలో అధికభాగం ఈ ఒక్క సందేహాన్ని ఎదుర్కొనడానికి ఏర్పడినదే.

అవసరం

ఏ యంత్రమైనా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు. డిస్కులు అరిగిపోతాయి, విద్యుత్ సరఫరా భాగాలు కాలిపోతాయి, ప్రోగ్రాములు స్తంభించిపోతాయి. ఒక సేవ ఏడాది కాలంలో ఎంత శాతం సమయం పనిచేసిందో తెలిపే కొలతను లభ్యత అంటారు. వివిధ లభ్యతలకు ఏడాదిలో అనుమతించదగిన విరామం ఈ విధంగా ఉంటుంది.

* 99 శాతం - సుమారు 3 రోజుల 16 గంటలు
* 99.9 శాతం - సుమారు 8 గంటల 46 నిమిషాలు
* 99.99 శాతం - సుమారు 53 నిమిషాలు
* 99.999 శాతం - సుమారు 5 నిమిషాల 15 సెకన్లు

చివరి వరుసను గమనిస్తే, అర్ధరాత్రి ఒక ఉద్యోగిని నిద్రలేపి సర్వరును బాగుచేయించేలోపే ఏడాది మొత్తానికి సరిపడే విరామం ఖర్చయిపోతుందని తెలుస్తుంది. కనుక లోపాన్ని గుర్తించడం, పనిని మరొక నోడుకు అప్పగించడం మనిషి ప్రమేయం లేకుండా జరగాలి.

ఒక్కొక్కటి 99 శాతం లభ్యత గల రెండు నోడ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోయేటట్లయితే, రెండూ ఒకేసారి ఆగిపోయే అవకాశం పదివేలలో ఒక వంతు మాత్రమే. అంటే జంట లభ్యత 99.99 శాతానికి పెరుగుతుంది. ఈ లెక్కలో "సంబంధం లేకుండా" అన్న మాట ముఖ్యమైనది. రెండు నోడ్లూ ఒకే విద్యుత్ తీగపైనో, ఒకే నెట్‌వర్కు స్విచ్‌పైనో ఆధారపడితే ఈ లెక్క చెల్లదు. రెండింటిలోనూ ఒకే సాఫ్టువేరు దోషం ఉన్నా ఫలితం అంతే.

టాండెమ్ కంప్యూటర్స్ సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న విషయంపై ఒక నివేదికను ప్రచురించాడు. ఆయన పరిశీలించిన వైఫల్యాలలో హార్డువేరు వలన కలిగినవి 18 శాతం మాత్రమే. సాఫ్టువేరు వలన 25 శాతం, నిర్వహణ పనులలో జరిగిన పొరపాట్ల వలన 42 శాతం వైఫల్యాలు కలిగాయి. యంత్రాలను జంటగా పెట్టినంత మాత్రాన లభ్యత సిద్ధించదని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

చరిత్ర

జేమ్స్ ట్రేబిగ్ 1974లో అమెరికాలోని కాలిఫోర్నియాలో టాండెమ్ కంప్యూటర్స్ సంస్థను స్థాపించాడు. ఒక భాగం చెడిపోయినా ఆగని కంప్యూటరును తయారుచేయడం ఈ సంస్థ ఆశయం. దీని మొదటి యంత్రం 1976లో సిటీబ్యాంకుకు చేరింది. ఇందులో ప్రతి ముఖ్యమైన ప్రోగ్రాముకు వేరొక ప్రాసెసరుపై ఒక జంట ప్రోగ్రాము ఉండేది. మొదటిది తన స్థితిని ఎప్పటికప్పుడు రెండవదానికి తెలియజేసేది. మొదటిది ఆగిపోతే రెండవది అక్కడి నుండి పని కొనసాగించేది.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లో వాక్స్ క్లస్టరును ప్రకటించింది. విడివిడిగా కొనుక్కోగల వాక్స్ కంప్యూటర్లను 16 వరకు ఒక ప్రత్యేక తీగల వ్యవస్థతో కలిపి, అన్నీ ఒకే డిస్కులను వాడుకొనే సౌకర్యాన్ని ఇది కల్పించింది. అన్ని నోడ్లకూ వర్తించే తాళాల నిర్వాహకం, ఓట్ల ద్వారా కోరం నిర్ణయించడం అనే రెండు పద్ధతులు ఇందులో స్పష్టమైన రూపం పొందాయి. తరువాత వచ్చిన క్లస్టర్లలో చాలావరకు ఇవే ఆలోచనలు కొనసాగాయి.

ఐబీఎం సంస్థ తన ఏఐఎక్స్ సర్వర్ల కోసం 1991లోను, మెయిన్‌ఫ్రేముల కోసం 1994లోను క్లస్టరు వ్యవస్థలను తెచ్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ "ఉల్ఫ్‌ప్యాక్" (తోడేళ్ళ గుంపు) అన్న సంకేతనామంతో తయారుచేసిన క్లస్టరు సర్వరును 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషనుతో పాటు విడుదల చేసింది. ఇందులో మొదట రెండు నోడ్లకే అవకాశం ఉండేది. 1990ల చివరలో లినక్స్ కోసం హార్ట్‌బీట్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు వచ్చింది. దీని నుండి వృద్ధి చెందిన పేస్‌మేకర్ అనే ప్రోగ్రాము, సందేశాల కోసం కోరోసింక్ అనే ప్రోగ్రాము కలిసి తరువాతి కాలంలో లినక్స్ క్లస్టర్లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. అంతవరకు ఖరీదైన యంత్రాలకే పరిమితమైన ఈ విద్య దీనితో సామాన్య సర్వర్లకు అందుబాటులోకి వచ్చింది.

నిర్మాణం

సాధారణంగా ఒక క్లస్టరులో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* నోడ్లు - తమ సొంత ప్రాసెసరు, మెమొరీ మరియు ఆపరేటింగ్ సిస్టమ్ గల సర్వర్లు.
* బయటి నెట్‌వర్కు - వాడుకరుల అభ్యర్థనలు వచ్చే మార్గం.
* లోపలి నెట్‌వర్కు - నోడ్లు తమలో తాము మాట్లాడుకొనే మార్గం. ఇది తెగిపోతే క్లస్టరు అయోమయంలో పడుతుంది కనుక వేర్వేరు స్విచ్‌ల ద్వారా రెండు మార్గాలు ఏర్పాటు చేస్తారు.
* ఉమ్మడి నిల్వ - నోడ్లన్నీ చేరగల డిస్కులు.
* క్లస్టరు సాఫ్టువేరు - ఏ నోడు పనిచేస్తున్నది, ఏ సేవ ఎక్కడ నడవాలి అన్నది నిర్ణయించేది.

నోడ్లకు పని పంచే విధానాన్ని బట్టి క్లస్టర్లు రెండు రకాలు. ఒక నోడు సేవ చేస్తూ ఉండగా రెండవది ఖాళీగా వేచి ఉండడం మొదటి రకం. అన్ని నోడ్లూ ఒకేసారి పనిచేయడం రెండవ రకం. రెండవ రకంలో ఏ యంత్రమూ వృథాగా ఉండదు. అయితే ఒక నోడు ఆగిపోయినపుడు దాని భారాన్ని మోయగలిగే శక్తి మిగిలినవాటికి ఉండాలి. రెండు నోడ్లూ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తూ ఉంటే, ఒకటి ఆగిన వెంటనే రెండవదానిపై 160 శాతం భారం పడి అదికూడా కూలిపోతుంది. అందువలన రెండు నోడ్ల క్లస్టరులో ఏ నోడునూ సగానికి మించి వాడకుండా జాగ్రత్తపడతారు.

వైఫల్యాన్ని గుర్తించడం

క్లస్టరులోని నోడ్లు "నేను ఉన్నాను" అని తెలిపే చిన్న సందేశాన్ని నియమిత వ్యవధిలో ఒకదానికొకటి పంపుకుంటూ ఉంటాయి. దీనిని హార్ట్‌బీట్, అనగా గుండెచప్పుడు అంటారు. వరుసగా కొన్ని సందేశాలు అందకపోతే ఆ నోడు ఆగిపోయినట్లు మిగిలినవి భావిస్తాయి. ఉదాహరణకు విండోస్ సర్వర్ 2012 ఆర్2 క్లస్టరులో ఒకే ఉపనెట్‌వర్కులోని నోడ్లు సెకనుకు ఒకసారి సందేశం పంపుకుంటాయి. మామూలు అమరికలో 5 సందేశాలు వరుసగా తప్పిపోతే నోడును క్లస్టరు నుండి తొలగిస్తారు. 2016 సంచికలో ఈ సంఖ్యను 10కి పెంచారు.

ఈ గడువు ఎంత ఉండాలన్నది తేలికైన ప్రశ్న కాదు. గడువు తక్కువైతే నెట్‌వర్కులో కలిగే చిన్న ఆలస్యానికే ఆరోగ్యంగా ఉన్న నోడును మృతనోడుగా లెక్కిస్తారు. గడువు ఎక్కువైతే నిజంగా ఆగిపోయినపుడు వాడుకరులు అంతసేపు వేచి ఉండవలసి వస్తుంది.

సందేశం రాకపోవడానికి గల కారణాలు చాలా ఉన్నాయి. నోడుకు విద్యుత్తు పోయి ఉండవచ్చు. నెట్‌వర్కు తీగ ఊడిపోయి ఉండవచ్చు. స్విచ్ చెడిపోయి ఉండవచ్చు. పని ఒత్తిడి వలన నోడు కొన్ని సెకన్లపాటు సమాధానం చెప్పలేని స్థితిలో ఉండవచ్చు. వీటిలో మొదటి సందర్భంలో మాత్రమే నోడు నిజంగా ఆగిపోయింది. మిగిలిన వాటిలో అది బ్రతికే ఉన్నది. అవతలి వైపు నుండి చూస్తే మాత్రం నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, అంటే నిశ్శబ్దంగా.

ఇది సాఫ్టువేరు నైపుణ్యంతో పూర్తిగా తొలగించగల లోపం కాదు. సందేశాలు చేరడానికి పట్టే కాలానికి హద్దు లేని వ్యవస్థలో, ఒక్క ప్రోగ్రాము ఆగిపోయే అవకాశం ఉన్నా సరే, అన్నీ నిర్ణీత కాలంలో ఏకాభిప్రాయానికి వస్తాయని హామీ ఇవ్వగల పద్ధతి ఏదీ ఉండదని మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పాటర్సన్ 1985లో గణితపరంగా నిరూపించారు. కాబట్టి ఆచరణలో ఉన్న క్లస్టర్లన్నీ గడువులపై ఆధారపడి ఊహిస్తాయి. ఊహ తప్పినా నష్టం జరగకుండా వేరే రక్షణలు ఏర్పరచుకుంటాయి.

బాధ్యత మార్పిడి

ఆగిపోయిన నోడు పనిని మరొక నోడు స్వీకరించడాన్ని ఫెయిలోవర్ అంటారు. ఇది సాధారణంగా ఈ వరుసలో జరుగుతుంది.

1. హార్ట్‌బీట్ సందేశాలు ఆగిపోయినట్లు మిగిలిన నోడ్లు గమనిస్తాయి.
2. తమకు నిర్ణయం తీసుకొనే అధికారం, అనగా కోరం, ఉన్నదో లేదో చూసుకుంటాయి.
3. నిశ్శబ్దంగా ఉన్న నోడు ఇక డిస్కుపై రాయలేదని నిశ్చయం చేసుకుంటాయి.
4. ఎంపికైన నోడు ఉమ్మడి డిస్కును స్వాధీనం చేసుకొని, ఫైలు వ్యవస్థను సరిచూస్తుంది.
5. డేటాబేసు వంటి ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. సగంలో ఆగిన లావాదేవీలను అది తన చిట్టా ఆధారంగా పూర్తిచేయడమో రద్దుచేయడమో చేస్తుంది.
6. సేవకు కేటాయించిన నెట్‌వర్కు చిరునామాను తనపైకి తెచ్చుకుంటుంది. వాడుకరులు పాత చిరునామాకే వస్తారు, సమాధానం మాత్రం కొత్త నోడు నుండి అందుతుంది.

ఈ వరుసలో 3వ మెట్టు దాటకుండా 4వ మెట్టుకు పోరాదు. త్వరగా సేవను పునరుద్ధరించాలన్న తొందరలో ఈ మెట్టును వదిలివేసే అమరికలు మామూలు రోజులలో చక్కగానే పనిచేస్తాయి. నెట్‌వర్కు తెగిన రోజున సమాచారాన్ని పాడుచేస్తాయి.

ఉమ్మడి నిల్వ

ఒక నోడు పనిని మరొకటి కొనసాగించాలంటే మొదటిది రాసిన సమాచారం రెండవదానికి అందుబాటులో ఉండాలి. ఇందుకు మూడు ముఖ్య పద్ధతులున్నాయి.

ఒకే డిస్కును పంచుకోవడం

ఈ పద్ధతిలో డిస్కులు నోడ్ల లోపల కాక ఒక ప్రత్యేక నిల్వ పెట్టెలో ఉంటాయి. తొలి క్లస్టర్లలో రెండు సర్వర్లను ఒకే స్కజీ తీగకు కలిపేవారు. 1990లలో ఫైబర్ ఛానెల్ స్విచ్‌ల ద్వారా అనేక సర్వర్లను అనేక డిస్కులకు కలిపే నిల్వ నెట్‌వర్కులు వచ్చాయి. మామూలు ఈథర్నెట్ నెట్‌వర్కుపైనే డిస్కు ఆదేశాలను పంపే ఐస్కజీ పద్ధతి 2004లో ప్రమాణంగా వెలువడింది.

డిస్కు అందరికీ కనిపించినంత మాత్రాన అందరూ ఒకేసారి వాడుకోవచ్చని కాదు. ఈఎక్స్‌టీ4 వంటి సాధారణ ఫైలు వ్యవస్థలు డిస్కుకు యజమాని ఒకరేనన్న నమ్మకంతో రూపొందినవి. డిస్కులో ఏ భాగాలు ఖాళీగా ఉన్నాయో తెలిపే పట్టికను నోడు తన మెమొరీలో ఉంచుకొని పనిచేస్తుంది. రెండు నోడ్లు అదే డిస్కును ఒకేసారి తెరిచాయనుకుందాం. మొదటి నోడు 500వ భాగం ఖాళీగా ఉన్నదని చూసి దానిలో ఒక ఫైలును రాస్తుంది. రెండవ నోడు మెమొరీలోని పట్టికలో 500వ భాగం ఇంకా ఖాళీగానే ఉంటుంది. కనుక అది వేరొక ఫైలును అక్కడే రాస్తుంది. ఒకే గ్రామపు భూమి రికార్డుకు రెండు నకళ్ళు పెట్టుకొని, ఇద్దరు గుమస్తాలు ఒకే స్థలాన్ని ఇద్దరికి రాసి ఇచ్చినట్లుగా ఇది ఉంటుంది.

ఈ నష్టంలో భయంకరమైన అంశం దాని నిశ్శబ్దమే. డిస్కు ఏ దోషాన్నీ చూపదు, తనకు వచ్చిన ఆదేశాలను అది సక్రమంగానే పాటించింది. ఫైళ్ళు పాడైన సంగతి కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు. అప్పటికి తీసిన బ్యాకప్‌లలో కూడా చెడిన సమాచారమే చేరి ఉండవచ్చు. ఆగిపోయిన సేవను తిరిగి ప్రారంభించవచ్చు గాని, ఇలా కలగలిసిపోయిన సమాచారాన్ని విడదీయడం చాలాసార్లు సాధ్యం కాదు.

దీనికి సులభమైన పరిష్కారం ఒక సమయంలో ఒక నోడు మాత్రమే డిస్కును తెరవడం. అన్ని నోడ్లూ ఒకేసారి వాడుకోవలసి వస్తే క్లస్టరు ఫైలు వ్యవస్థ అవసరమవుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన జీఎఫ్ఎస్ ఇటువంటిదే. దీని రెండవ రూపమైన జీఎఫ్ఎస్2, ఒరాకిల్ సంస్థ తయారుచేసిన ఓసీఎఫ్ఎస్2 రెండూ 2006లో లినక్స్ కెర్నెలులో చేరాయి. వీటిలో ఒక నోడు ఏ భాగాన్నైనా మార్చే ముందు దానికి సంబంధించిన తాళాన్ని పొందాలి. తాళం వేరొక నోడు వద్ద ఉంటే, ఆ నోడు తన మెమొరీలోని మార్పులను డిస్కుపై రాసి తాళాన్ని అప్పగించేవరకు వేచి ఉండాలి.

తాళాలలో కూడా భేదాలున్నాయి. వాక్స్ క్లస్టరు తాళాల నిర్వాహకంలో ఆరు రకాల తాళాలుండేవి. చదవడానికి మాత్రమే తీసుకున్న తాళాన్ని చాలా నోడ్లు ఒకేసారి కలిగి ఉండవచ్చు. రాయడానికి తీసుకున్న ప్రత్యేక తాళం ఒక్కరికే చెందుతుంది. తాళాలు చేతులు మారడానికి నెట్‌వర్కు సందేశాలు అవసరం కనుక, ఒకే ఫైలుపై అనేక నోడ్లు తరచుగా రాస్తే క్లస్టరు బాగా మందగిస్తుంది.

ఫైలు సర్వరును వాడడం

ఎన్ఎఫ్ఎస్ వంటి పద్ధతులలో నోడ్లు డిస్కును నేరుగా తాకవు. ఫైలు సర్వరును అడిగి చదువుతాయి, రాస్తాయి. యజమాని ఒకటే కనుక పైన చెప్పిన గందరగోళం ఉండదు. అయితే ఆ ఫైలు సర్వరు ఆగిపోతే అన్ని నోడ్లూ ఆగిపోతాయి. కాబట్టి ఫైలు సర్వరునే మరొక క్లస్టరుగా నిర్మించవలసి వస్తుంది.

ప్రతులు ఉంచడం

ఈ పద్ధతిలో ఉమ్మడి డిస్కు ఉండదు. ప్రతి నోడు తన సొంత డిస్కుపై సమాచారపు ప్రతిని ఉంచుకుంటుంది. 2010లో లినక్స్ కెర్నెలులో చేరిన డీఆర్‌బీడీ అనే సాఫ్టువేరు ఒక నోడు డిస్కుపై జరిగే ప్రతి రాతను నెట్‌వర్కు ద్వారా రెండవ నోడు డిస్కుపై కూడా చేస్తుంది. రెండవ ప్రతి పూర్తయిన తరువాతనే "రాయడం అయింది" అని చెబితే ఏ సమాచారమూ పోదు, కాని ప్రతి రాతకు ఆలస్యం అవుతుంది. ముందే చెబితే వేగం పెరుగుతుంది, కాని మొదటి నోడు హఠాత్తుగా ఆగిపోతే చివరి కొన్ని మార్పులు పోతాయి.

గూగుల్ సంస్థ 2003లో వివరించిన గూగుల్ ఫైల్ సిస్టమ్ ఈ ఆలోచనను వేలాది డిస్కులకు విస్తరించింది. ఇందులో ఫైళ్ళను 64 మెగాబైట్ల ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకు మామూలుగా మూడు ప్రతులను వేర్వేరు సర్వర్లలో ఉంచేవారు. డిస్కులు చెడిపోవడం అరుదైన సంఘటన కాదు, నిత్యం జరిగేదే అన్న భావనతో దీనిని రూపొందించారు. 2006లో వెలువడిన సెఫ్ వ్యవస్థ కూడా ప్రతుల పద్ధతినే వాడుతుంది.

స్ప్లిట్ బ్రెయిన్

నోడ్ల మధ్య నెట్‌వర్కు తెగిపోయి, రెండు వర్గాలూ అవతలివి ఆగిపోయాయని భావించి, తామే అసలు క్లస్టరు అనుకొని పనిచేయడాన్ని స్ప్లిట్ బ్రెయిన్, అనగా రెండుగా చీలిన మెదడు అంటారు.

ఉమ్మడి డిస్కు ఉన్న క్లస్టరులో దీని ఫలితం పైన వివరించినదే. ప్రతులు ఉన్న క్లస్టరులో నష్టం మరొక రూపం ధరిస్తుంది. ఒక ఖాతాలో 10,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. చీలిన తరువాత ఒక వర్గం వద్ద 8,000 రూపాయలు, మరొక వర్గం వద్ద 7,000 రూపాయలు తీయడానికి అనుమతి లభిస్తుంది. ఏ వర్గం లెక్కలోనూ తప్పు లేదు, కాని ఉన్నదానికన్నా 5,000 రూపాయలు ఎక్కువ చెల్లించబడ్డాయి. నెట్‌వర్కు తిరిగి కలిసినపుడు రెండు చరిత్రలలో దేనిని ఉంచాలో యంత్రం తేల్చలేదు.

కోరం

స్ప్లిట్ బ్రెయిన్‌ను నివారించడానికి క్లస్టర్లు కోరం పద్ధతిని వాడతాయి. ఈ మాట చట్టసభల నుండి వచ్చింది. భారత రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం శాసనసభ సమావేశానికి 10 మంది సభ్యులు లేదా మొత్తం సభ్యులలో పదవ వంతు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతమంది హాజరు కావాలి. క్లస్టరులో ఈ నియమం సరిపోదు. పదవ వంతు చాలునంటే రెండు వేర్వేరు గదులలో రెండు సభలు ఒకేసారి సమావేశమై విరుద్ధమైన తీర్మానాలు చేయవచ్చు. కాబట్టి క్లస్టరులో సగానికి మించిన ఓట్లు కావాలి. ఏ రెండు వర్గాలకూ ఒకేసారి సగానికి మించిన ఓట్లు ఉండడం అసాధ్యం.

ఉదాహరణకు 5 నోడ్ల క్లస్టరు 3, 2గా చీలితే 3 నోడ్ల వర్గం పని కొనసాగిస్తుంది. 2 నోడ్ల వర్గం తాము ఆరోగ్యంగా ఉన్నప్పటికీ సేవలను ఆపివేయాలి. ఎన్ని నోడ్లు పోయినా తట్టుకోగలదన్నది దీని నుండే తెలుస్తుంది. 3 నోడ్ల క్లస్టరు ఒక నోడును, 5 నోడ్ల క్లస్టరు రెండు నోడ్లను కోల్పోయినా పనిచేస్తుంది. 4 నోడ్ల క్లస్టరు కూడా ఒక నోడును మాత్రమే కోల్పోగలదు. అందువలన బేసి సంఖ్యలో ఓట్లు ఉండేటట్లు చూస్తారు.

రెండు నోడ్ల క్లస్టరులో ఒకటి తగ్గితే మిగిలినది సరిగ్గా సగం మాత్రమే. సగానికి మించి ఎన్నటికీ రాదు. దీనికి పరిష్కారంగా మూడవ ఓటును మరొకచోట ఉంచుతారు. అది ఉమ్మడి డిస్కులోని ఒక చిన్న భాగం కావచ్చు, వేరే సర్వరులోని ఒక ఫైలు కావచ్చు. నెట్‌వర్కు తెగినపుడు ఈ మూడవ సాక్షిని ముందుగా చేరుకున్న నోడు కొనసాగుతుంది. ఈ సాక్షిని రెండు నోడ్లలో ఒకదాని గదిలోనే ఉంచితే ప్రయోజనం తగ్గిపోతుంది. ఆ గదికి విద్యుత్తు పోతే రెండు ఓట్లు ఒకేసారి పోతాయి.

మెజారిటీ ఆధారంగా ఏకాభిప్రాయం సాధించే పద్ధతులలో లెస్లీ లాంపోర్ట్ రూపొందించి 1998లో ప్రచురించిన పాక్సోస్, డీగో ఒంగారో మరియు జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో ప్రచురించిన రాఫ్ట్ ప్రసిద్ధమైనవి.

ఫెన్సింగ్

కోరం కోల్పోయిన నోడు తనంతట తాను ఆగిపోవాలి. కాని స్తంభించిపోయిన నోడుకు తాను కోరం కోల్పోయినట్లు తెలియదు. కొన్ని సెకన్ల తరువాత అది తేరుకొని, మధ్యలో ఆపిన రాతను డిస్కుపై పూర్తిచేయవచ్చు. అప్పటికే ఆ డిస్కు మరొక నోడు అధీనంలో ఉంటుంది. కాబట్టి అనుమానాస్పదమైన నోడును దాని సహకారం లేకుండానే బలవంతంగా ఉమ్మడి నిల్వకు దూరం చేస్తారు. దీనిని ఫెన్సింగ్, అనగా కంచె వేయడం అంటారు. ఇందులో ముఖ్యమైన రకాలు ఇవి.

* విద్యుత్తు ఆపడం - నెట్‌వర్కు ద్వారా ఆదేశించగల విద్యుత్ స్విచ్ ద్వారా గాని, సర్వరులోని ప్రత్యేక నిర్వహణ భాగం ద్వారా గాని ఆ నోడును ఆపివేస్తారు. దీనిని స్టోనిత్ అని పిలుస్తారు. "అవతలి నోడు తలలో తూటా పేల్చు" అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యపు మొదటి అక్షరాల కూర్పు ఇది.
* నిల్వ వద్ద ఆపడం - డిస్కులో నమోదైన నోడ్ల తాళపుసంఖ్యల నుండి ఆ నోడు సంఖ్యను తొలగిస్తారు. అటుపై అది పంపే రాతలను డిస్కే నిరాకరిస్తుంది. స్కజీ-3 ప్రమాణంలో దీనికి ఏర్పాటు ఉన్నది.
* తనను తాను ఆపుకోవడం - నోడులో వాచ్‌డాగ్ అనే చిన్న గడియారం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోడు దానిని ఎప్పటికప్పుడు వెనక్కి తిప్పుతూ ఉంటుంది. నోడు స్తంభించి ఆ పని చేయలేకపోతే గడియారం సమయం ముగిసి నోడును పునఃప్రారంభిస్తుంది.

స్టోనిత్ అన్న పేరు కఠినంగా ఉన్నా దాని వెనుక తర్కం స్పష్టమైనది. నోడు బ్రతికి ఉన్నదో లేదో తెలుసుకోవడం సాధ్యం కానపుడు, అది బ్రతికి లేకుండా చేయడం ద్వారా సందేహాన్ని నిశ్చయంగా మారుస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఒక నోడును పొరపాటున ఆపితే కలిగే నష్టం కొన్ని నిమిషాలే. ఆపకపోతే సమాచారం శాశ్వతంగా చెడిపోవచ్చు. ఫెన్సింగ్ విజయవంతమైనట్లు సమాధానం రాకపోతే సేవను ప్రారంభించకుండా వేచి ఉండడమే సరైన అమరిక.

గూగుల్ సంస్థ 2006లో వివరించిన చబ్బీ అనే తాళాల సేవలో మరొక ఉపాయం కనిపిస్తుంది. ఇందులో తాళం ఇచ్చిన ప్రతిసారీ దానితో పాటు పెరుగుతూ పోయే ఒక క్రమసంఖ్య ఉంటుంది. 33వ సంఖ్యతో తాళం తీసుకున్న నోడు స్తంభించి, ఆ తరువాత 34వ సంఖ్యతో మరొక నోడు రాయడం మొదలుపెట్టిందనుకుందాం. మొదటి నోడు తేరుకొని 33వ సంఖ్యతో రాయబోతే, అంతకన్నా పెద్ద సంఖ్యను చూసిన నిల్వ దానిని తిరస్కరిస్తుంది.

గిట్‌హబ్ సంఘటనలు

ప్రోగ్రాముల మూలాలను భద్రపరచే గిట్‌హబ్ సంస్థ తన సేవలో జరిగిన రెండు వైఫల్యాలను వివరంగా ప్రచురించింది. క్లస్టర్ల పనితీరును అర్థం చేసుకోవడానికి ఇవి మంచి ఉదాహరణలు.

2012 డిసెంబరు 22న నెట్‌వర్కు స్విచ్‌ల నిర్వహణ పని జరుగుతున్న సమయంలో లోపలి నెట్‌వర్కు సుమారు 90 సెకన్లపాటు స్తంభించింది. ఆ సంస్థ ఫైలు సర్వర్లు అప్పుడు జంటలుగా ఉండేవి. జంటలో ఒకటి పనిచేస్తూ ఉంటే రెండవది వేచి ఉండేది. పేస్‌మేకర్, హార్ట్‌బీట్, డీఆర్‌బీడీ సాఫ్టువేర్లు వాటిని నడిపేవి. నెట్‌వర్కు స్తంభించగానే చాలా జంటలలో హార్ట్‌బీట్ గడువు దాటిపోయింది. నోడ్లు తమ జంటనోడును ఆపమని స్టోనిత్ ఆదేశాలు పంపాయి. నెట్‌వర్కు లేకపోవడంతో వాటిలో కొన్ని చేరలేదు. నెట్‌వర్కు తిరిగి వచ్చేసరికి కొన్ని జంటలలో రెండు నోడ్లూ తామే అధికారంలో ఉండాలని భావించాయి. అవి ఒకదానినొకటి ఆపివేయడంతో కొన్ని జంటలు పూర్తిగా ఆగిపోయాయి. ఏ నోడు వద్ద సరైన సమాచారం ఉన్నదో ఇంజనీర్లు పరిశీలించి, ఒక్కొక్క జంటను జాగ్రత్తగా ప్రారంభించవలసి వచ్చింది. ఫెన్సింగ్ ఆదేశం వెళ్ళే మార్గం కూడా చెడిపోయిన నెట్‌వర్కుపైనే ఆధారపడరాదన్నది దీని నుండి గ్రహించవలసిన విషయం.

2018 అక్టోబరు 21న అమెరికా తూర్పు తీరంలోని కేంద్రానికి 43 సెకన్లపాటు సంబంధం తెగిపోయింది. డేటాబేసు క్లస్టరును నడిపే సాఫ్టువేరు మెజారిటీ నియమం ప్రకారమే పశ్చిమ తీరంలోని సర్వర్లకు అధికారాన్ని మార్చింది. అయితే సంబంధం తెగడానికి ముందు తూర్పున రాసిన కొన్ని మార్పులు పశ్చిమానికి చేరలేదు. తరువాత పశ్చిమాన కొత్త రాతలు మొదలయ్యాయి. రెండు వైపులా రెండవదానిలో లేని సమాచారం ఏర్పడింది. సేవను వెంటనే పునరుద్ధరించడం కన్నా వాడుకరుల సమాచారాన్ని కాపాడడానికే ఆ సంస్థ ప్రాధాన్యమిచ్చింది. ఫలితంగా సేవ 24 గంటల 11 నిమిషాలపాటు పూర్తిస్థాయిలో అందలేదు.

పరిమితులు

క్లస్టరు బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఒక ఉద్యోగి పొరపాటున ముఖ్యమైన పట్టికను తుడిచివేస్తే, ఆ తుడిచివేత కూడా అన్ని ప్రతులకూ నమ్మకంగా చేరుతుంది. అందుచేత వేరుగా ఉంచిన బ్యాకప్‌లు తప్పనిసరి.

నెట్‌వర్కు చీలినపుడు ప్రతి అభ్యర్థనకూ సమాధానం ఇవ్వడం, ఇచ్చిన సమాధానాలన్నీ ఒకదానితో ఒకటి పొసగి ఉండడం రెండూ సాధ్యం కావు. ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించిన ఈ సూత్రాన్ని సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ 2002లో నిరూపించారు. బ్యాంకు ఖాతాల వంటి చోట్ల సేవ కొంతసేపు ఆగినా ఫరవాలేదు గాని లెక్క తప్పరాదు. దుకాణపు వెబ్‌సైటులో వస్తువుల జాబితా చూపడం వంటి చోట్ల కొద్దిగా పాత సమాచారమైనా చూపవచ్చు. ఏది ఎంచుకోవాలన్నది సేవను బట్టి ముందుగానే నిర్ణయించుకోవాలి.

బాధ్యత మార్పిడిని పరీక్షించకుండా నమ్మరాదు. నోడుకు విద్యుత్తు తీసివేయడంతో పాటు, నెట్‌వర్కు తీగ మాత్రమే తీసివేయడం, డిస్కు మార్గాన్ని మాత్రమే తెంచడం, ప్రోగ్రామును కొంతసేపు స్తంభింపజేయడం వంటి పరీక్షలు కూడా చేయాలి. విద్యుత్తు పోయిన నోడు ఎవరికీ హాని చేయలేదు. సగం పనిచేస్తూ సగం ఆగిన నోడే క్లస్టరుకు అసలైన పరీక్ష.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టమ్
* కంప్యూటరు నెట్‌వర్కు
* డేటాబేసు
* ఫైలు వ్యవస్థ
* లినక్స్